సిగ్నల్ లేనిచోట 67 అక్షరాలు

మన్ననూరు దాటి శ్రీశైలం దారి పట్టినవాళ్లకు తెలుసు, నల్లమలలో చాలా దూరం ఫోన్‌లో ఒక్క గీత కూడా ఉండదు. అది రోజూ ఉండే ఇబ్బంది. 2009 అక్టోబరులో తుంగభద్ర, కృష్ణ పొంగి అలంపురం చుట్టుపక్కల ఊళ్లు మునిగాయి కదా, అట్లాంటి వరదల్లో ఇబ్బంది ఇంకో రకం. కరెంటు పోతుంది, బ్యాటరీ, డీజిల్ అయిపోతే టవర్ కూడా మూగబోతుంది. అప్పుడు "మేం బాగానే ఉన్నాం" అని ఇంటికి చెప్పేదెట్లా?

హామ్ రేడియో అంటే మైకులో మాట్లాడటమే అనుకుంటాం. టెక్స్ట్ మెసేజ్ కూడా పంపొచ్చు. అమెరికాలో బాబ్ బ్రూనింగా తయారుచేసిన ఏపీఆర్ఎస్ అనే పద్ధతిలో మన మాట చిన్న ప్యాకెట్ అవుతుంది. 1200, 2200 హెర్ట్జ్ అనే రెండు స్వరాలుగా మారి, సెకనుకు 1200 బిట్ల చొప్పున గాల్లోకి పోతుంది. వినడానికి కప్పల బెకబెకలా ఉంటుంది! దాన్ని పట్టి ఇంటర్నెట్‌లోకి ఎక్కించే స్టేషనే గేట్‌వే. హామ్‌లు దాన్ని ఐగేట్ అంటారు. రేడియో, చిన్న కంప్యూటర్, నెట్ కనెక్షన్, అంతే.

చిక్కంతా దూరంతోనే. ఈ తరంగాలు దాదాపు చూపుమేరే పోతాయి. యాంటెన్నా ఎత్తు మీటర్లలో తీసుకుని, దాని వర్గమూలాన్ని 4.12తో గుణిస్తే కిలోమీటర్లు వస్తాయి. చేతిలో సెట్టు 1.5 మీటర్లు, గేట్‌వే యాంటెన్నా 30 మీటర్ల ఎత్తులో ఉంటే రెండూ కలిపి సుమారు 28 కిలోమీటర్లు. నల్గొండ నుంచి హైదరాబాద్ అందదన్నమాట. అదే 150 మీటర్ల గుట్ట మీద ప్యాకెట్‌ను విని మళ్లీ పంపే డిజిపీటర్ పెడితే, దాని ఒక్కదాని చూపే 50 కిలోమీటర్లు. నల్గొండకు గుట్టలకేం కొదువ!

నాకు బాగా నచ్చేది మాత్రం ఆకాశంలో ఉన్న డిజిపీటర్. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలోని హామ్ రేడియో ప్యాకెట్ మోడ్‌లో ఉన్నప్పుడు 145.825 మెగాహెర్ట్జ్ మీద ఇదే పని చేస్తుంది. దాదాపు 400 కిలోమీటర్ల ఎత్తు కాబట్టి దాని చూపు 2200 కిలోమీటర్ల పైనే. అమ్రాబాద్ అడవిలో పంపిన ప్యాకెట్‌ను ఢిల్లీలోనో కొలంబోలోనో ఉన్న గేట్‌వే పట్టొచ్చు. వరదలో అసలు లాభం ఇదే: గేట్‌వేకీ నెట్ కావాలి, అది కూడా మునిగిన ఊళ్లోనే ఉంటే ఏం ఫాయిదా? కాకపోతే అంతరిక్ష కేంద్రం మన నెత్తిమీదుగా పోయేది మహా అంటే 10 నిమిషాలు. ప్రాణం మీదికొచ్చినప్పుడు దాన్నొక్కదాన్నే నమ్ముకోలేం.

ట్రాన్స్‌మిట్ చెయ్యాలంటే పరీక్ష రాసి కేంద్ర టెలికం శాఖ లైసెన్స్ తీసుకోవాలి. హైదరాబాద్‌లో 1983 నుంచి నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో ఉంది. 2004 సునామీ వచ్చినప్పుడు వాళ్ల బృందం భారతీ ప్రసాద్ గారి నాయకత్వంలో అండమాన్‌లోనే ఉండి, అక్కడివాళ్ల క్షేమసమాచారం బయటికి చేరవేసింది. ఇంకోటి, హామ్ మెసేజ్‌లో రహస్యం కుదరదు. ఎన్‌క్రిప్షన్ నిషిద్ధం, ఎవరైనా చదవొచ్చు.

ఇక మన క్లబ్‌కు సంబంధించిన సంగతి. ఒక్కో మెసేజ్‌కి 67 అక్షరాలే. యూటీఎఫ్-8లో తెలుగు అక్షరానికీ, గుణింతానికీ, ఒత్తుకు ముందొచ్చే పొల్లుకూ తలా 3 బైట్లు. "నేను క్షేమం" తెలుగులో 31 బైట్లు, రోమన్ లిపిలో 12. పైగా చాలా సెట్ల తెరల మీద తెలుగు కనిపించదు. అందుకే ప్రస్తుతానికి రేడియోలో మన తెలుగు కూడా వాట్సాప్ తెలుగులాగే, ఇంగ్లిష్ అక్షరాల్లోనే.