గేరుపెట్టె కింద రబ్బరు దిమ్మ

బస్సులో డ్రైవరు వెనక సీటు దొరికితే, బండి ఆగి ఉండి ఇంజను మాత్రం ఆడుతున్నప్పుడు గేరు కర్రకేసి ఒకసారి చూడండి. దాన్ని ఎవరూ ముట్టుకోకపోయినా చలిజ్వరం వచ్చినవాడిలాగా వణుకుతూంటుంది. అయితే మీరు కూర్చున్న సీటు అంతగా వణకదు. ఇంజనూ, దానికి బిగించిన గేరుపెట్టే పడే వణుకు మీదాకా రాకుండా మధ్యలో ఎవరో అడ్డుపడుతున్నారన్న మాట. ఎవరా అడ్డుపడేది? అరచేతిలో పట్టే రెండు మూడు రబ్బరు దిమ్మలు! మెకానిక్కులు వీటిని మౌంటింగులు అంటారు.

ఇంతకీ ఇంజను ఎందుకు వణుకుతుంది? సిలిండరులో పెట్రోలు మండినప్పుడల్లా ఒక దెబ్బ పడుతుంది. నాలుగు సిలిండర్ల ఇంజను ఒక్క చుట్టు తిరిగేసరికి రెండు దెబ్బలు. బండి ఆగి ఉండగా ఇంజను నిమిషానికి 600 చుట్లు తిరుగుతున్నదనుకోండి, సెకనుకు 20 దెబ్బలు పడుతున్నట్టు లెక్క. పిస్టన్లు పైకీ కిందికీ పరిగెత్తే కుదుపు వేరే. ఇంజనును ఇనప చట్రానికి బోల్టులతో నేరుగా బిగించేస్తే ఇదంతా చట్రానికీ, తలుపులకూ, అద్దాలకూ, చివరకు మీ పళ్ళకూ పాకుతుంది. పూర్వం చాలా కార్లు అలాగే ఉండేవి.

1931 లో అమెరికాలో డబ్బుకు మహా కరువుగా ఉండేది. ఆరు, ఎనిమిది సిలిండర్ల కార్లు నున్నగా నడిచేవిగాని ఖరీదెక్కువ. నాలుగు సిలిండర్లవి చవకేగాని ఒళ్ళు హూనం చేసేవి. ఆ ఏడు క్రైస్లరు కంపెనీ వారు తమ ప్లిమత్ కారులో కొత్త పద్ధతి పెట్టారు. ఇంజను బరువంతటికీ నడిమధ్య గుండా ముందు ఎత్తుగా, వెనక పల్లంగా ఒక గీత గీసినట్టు ఊహించుకుని, ఆ గీత ముందు కొసన ఇంజనుకు ఒక రబ్బరు దిమ్మ, వెనక కొసన గేరుపెట్టె కింద ఇంకొకటి పెట్టారు. ఇంజను ఆ గీత చుట్టూ తన ఇష్టం వచ్చినట్టు ఊగవచ్చు. మరీ ఊగకుండా ఒక పక్క పట్టీ స్ప్రింగు ఉంచారు. దీనికి వారు పెట్టిన పేరు ‘ఫ్లోటింగ్ పవర్’, అంటే తేలుతూ ఉండే శక్తి. క్రైస్లరుగారు కొత్త ప్లిమత్ కారొకటి తీసుకుని, తన పోటీదారుడైన హెన్రీ ఫోర్డు వద్దకే వెళ్ళి, ఆయనను ఎక్కించి తిప్పి, కారు అక్కడే వదిలేసి టాక్సీలో ఇంటికి వెళ్ళాడని చెబుతారు. మరుసటి సంవత్సరం ఫ్రాన్సులో సిట్రోయెన్ కంపెనీ ఈ పద్ధతిని కొనుక్కుని, కార్లకు నీటి మీద తేలే హంస బొమ్మ తగిలించింది.

రబ్బరు చేసే పని మీరు ఇంట్లోనే చూడవచ్చు. నాలుగైదు రబ్బరు బాండ్లు గొలుసులాగా ముడివేసి, కొసకు చిన్న తాళంకప్ప కట్టి వేలాడదియ్యండి. చేతిని మెల్లగా పైకీ కిందికీ ఆడించండి. తాళం మీ చేతితోపాటే లేచి దిగుతుంది. కొంచెం వేగం పెంచండి. ఒకచోట తాళం పిచ్చెత్తినట్టు ఎగిరిపడుతుంది! (మొహం దూరంగా పెట్టుకోండి.) ఇంకా వేగంగా, చెయ్యి వణికించినట్టు ఆడించండి. విచిత్రం! చెయ్యి ఆడుతూనే ఉంటుంది, తాళం మటుకు దాదాపు కదలదు. కారులో ఊగేది ఇంజను, కదలకుండా ఉండవలసింది చట్రం, అయినా సూత్రం ఇదే. రబ్బరు మెత్తగా ఉంటే ఇంజను దెబ్బలన్నీ దానికి ‘మరీ వేగం’ కిందికే వస్తాయి. రబ్బరు గట్టిపడిన కొద్దీ ఆ ఎగిరిపడే వేగం ఇంజను దెబ్బలకు దగ్గరవుతుంది.

అయితే మెత్తటిదే పెట్టేస్తే సరి అనుకుంటున్నారా? అక్కడే ఉంది చిక్కు. ఇంజను చక్రాలను ఒకవైపు తిప్పబోతే తాను రెండోవైపు తిరగబడుతుంది. మొదటి గేరులో ఇంజను మూడు చుట్లు తిరిగితే గేరుపెట్టె నుంచి బయటికి వచ్చేది ఒక్క చుట్టే అయితే, ఆ మెలి బలం మూడు రెట్లవుతుంది. ఆ మూడు రెట్లూ దిమ్మల మీదే పడుతుంది. దిమ్మ చిరిగిందా, ఇంజను ఒక పక్కకు లేస్తుంది. ఇది కేవలం ఊహ కాదు. 1971 లో అమెరికాలో 67 లక్షల షెవ్రొలే బళ్ళను ఈ కారణంగానే వెనక్కు పిలవవలసివచ్చింది. దిమ్మ తెగి ఇంజను లేచినప్పుడు యాక్సిలరేటరు దానంతటదే లాగుకుని, బండి డ్రైవరు మాట వినకుండా దూసుకుపోయే ప్రమాదం ఉండేది. ఇంజను మరీ లేవకుండా ఉక్కుతాడుతో కట్టేశారు.

సొంతంగా కార్లు కట్టుకునేవారికి ఈ చిక్కు రోజూ ఉండేదే. అమెరికాలో 1932 నాటి ఫోర్డు చట్రం తీసుకుని, అందులో 1955 లో వచ్చిన షెవ్రొలే వి-8 ఇంజను దింపటం చాలామందికి సరదా. కొత్త గేరుపెట్టె పొడుగు వేరు గనక పాత దిమ్మ ఉండే చోటు కుదరదు. చట్రానికి కొత్త అడ్డదూలం వేసి, దాని మీద దిమ్మ పెట్టాలి. ఏ దిమ్మ? పందాల్లో పరిగెత్తే బండికి ఇనప దిమ్మయినా ఫరవాలేదు, ఎక్కేవాడు ఓర్చుకుంటాడు. ఊళ్ళో తిరిగే బండికి రబ్బరే మంచిది. మధ్యరకంగా పాలీయురెథేన్ అనే గట్టి పదార్థం ఉంది. అది ఇంజనును బాగా పట్టి ఉంచుతుందిగాని వణుకు కొంత లోపలికి వదులుతుంది. నూనె కారేచోట మామూలు రబ్బరు ఉబ్బి పాడవుతుంది.

ఒక్కపని మాత్రం చెయ్యకూడదు. ఇంజను కింద మెత్తటి రబ్బరు పెట్టి, గేరుపెట్టెను ఇనుముతో బిగించరాదు. కర్రకు ఒక కొస గోడకు మేకు కొట్టి, రెండో కొస పట్టుకుని ఊపుతూ ఉంటే విరిగేది ఎక్కడ? మేకు దగ్గరే గదా! అలాగే అల్యూమినియం గేరుపెట్టె చెవి పగిలి ఊడుతుంది.

దిమ్మలు మామూలుగా మూడే ఎందుకో కూడా చెప్పుకుందాం: ఇంజనుకు రెండు పక్కలా రెండు, గేరుపెట్టె కింద ఒకటి. ఎగుడుదిగుడు నేల మీద నాలుగుకాళ్ళ బల్ల ఒక కాలెత్తుతుంది, మూడురాళ్ళ పొయ్యి మాత్రం కదలదు. గతుకుల్లో చట్రం ఎంత మెలితిరిగినా మూడు చోట్ల ఆనిన ఇంజను మెలితిరగదు.

ఇన్నీ సరిగా బిగించి తాళంచెవి తిప్పితే, ఒక్కొక్కసారి బండి కిక్కురుమనదు. బాటరీ బాగానే ఉంటుంది, స్టార్టరూ బాగానే ఉంటుంది. ఏమిటి కారణం? రబ్బరులోంచి కరెంటు పారదు! ఇంజను చట్రాన్ని అంటకుండా తేలుతున్నది గనక స్టార్టరుకు వెళ్ళిన కరెంటు బాటరీకి తిరిగి వచ్చే దారి తెగిపోయింది. ఇంకేదారీ లేక అది యాక్సిలరేటరు తీగె గుండా రాబోయి, ఆ తీగెను కాల్చేసిన సందర్భాలు కూడా ఉన్నాయి. అందుకని ఇంజను నుంచి చట్రానికి జడలాగా అల్లిన రాగి పట్టీ ఒకటి బిగిస్తారు. ఈసారి ఏదన్నా కారు ముందుమూత ఎత్తి ఉంటే, మెకానిక్కును అడిగి ఆ రాగి జడ ఎక్కడుందో చూడండి.