రాణి చీమ గుర్తింపు

ఆరుబయట దొరికిన రాణి చీమ ఏ జాతికి చెందినదో దాని శరీర లక్షణాలను బట్టి నిర్ణయించడాన్ని రాణి చీమ గుర్తింపు అంటారు. చీమలు హైమెనోప్టెరా క్రమంలోని ఫార్మిసిడే కుటుంబానికి చెందిన సంఘజీవులు. తూర్పు గోదావరి జిల్లా కోరుకొండ వంటి ఊళ్ళలో వానలు పడిన తరువాత దీపాల చుట్టూ మూగే రెక్కల పురుగులలో రాణి చీమలు కూడా ఉండవచ్చు.

ఉసిళ్ళతో పోలిక

ఉసిళ్ళు రెక్కలు వచ్చిన చెదపురుగులు, చీమలు కావు. వాటి నాలుగు రెక్కలు ఇంచుమించు ఒకే పొడవు కలిగి ఉంటాయి. నడుము వెడల్పుగా, స్పర్శశృంగాలు పూసలపేరు వలె ఉంటాయి. చీమలలో ముందు రెక్కలు వెనుక రెక్కల కంటే పెద్దవి, నడుము సన్ననిది, స్పర్శశృంగాలు మోచేయి వలె వంగి ఉంటాయి.

రాణి లక్షణాలు

ఎగరడానికి కావలసిన కండరాలు ఉండుటచేత రాణి వక్షం కూలి చీమ వక్షం కంటే ఉబ్బెత్తుగా ఉంటుంది. తలపై సాధారణంగా మూడు సరళ నేత్రాలు ఉంటాయి. రెక్కలు రాలిన చోట మచ్చలు మిగులుతాయి. అయితే రెక్కలు రాలినంత మాత్రాన ఆ రాణి మగ చీమతో కలిసినదని చెప్పలేము. డయాకామా ప్రజాతిలో ప్రత్యేక రాణి రూపమే లేదు. ఒక కూలి చీమయే గుడ్లు పెడుతుంది.

జాతి నిర్ణయం

మొదట నడుములోని కణుపులను లెక్కించాలి.

* ఒక కణుపు: పెద్ద నల్ల గండుచీమ (కాంపోనోటస్ కంప్రెసస్), మామిడి ఆకులను కుట్టి గూడు కట్టే నేతచీమ (ఈకోఫిల్లా స్మరగ్డినా) ఈ వర్గంలోనివి. నేతచీమలలో కూలి చీమలు ఎర్రగాను, రాణి ఆకుపచ్చగాను ఉంటాయి. కనుక కేవలం రంగును బట్టి పోల్చితే పొరపాటు జరుగుతుంది.
* రెండు కణుపులు: నిప్పుచీమ (సోలినాప్సిస్ జెమినేటా) ఇందుకు ఉదాహరణ. దీని స్పర్శశృంగాల చివరి రెండు ఖండాలు గద వలె లావుగా ఉంటాయి.

భారతదేశపు చీమల గుర్తింపునకు సి.టి. బింగ్‌హామ్ 1903లో వెలువరించిన గ్రంథం ముఖ్యమైన తొలి ఆధారాలలో ఒకటి.

గుర్తింపు ఆవశ్యకత

నేతచీమ తోటలలో పురుగులను తిని మేలు చేస్తుంది. నిప్పుచీమ అమెరికా ఖండాల నుండి నౌకావాణిజ్యం ద్వారా వ్యాపించిన పరదేశి. మంట పుట్టేలా కుడుతుంది. అందువలన జాతి తెలియని రాణిని వేరొక చోట వదలరాదు. దొరికిన స్థలం, తేదీ వ్రాసుకొని, ముఖానికి ఎదురుగా ఒకటి, పక్క నుండి ఒకటి ఛాయాచిత్రాలు తీయాలి. అనేక సందర్భాలలో రాణిని బట్టి ప్రజాతి మాత్రమే తెలుస్తుంది. తొలి కూలి చీమలు పుట్టిన తరువాతనే జాతిని నిర్ధారించడం సులభమవుతుంది.