కంటికి కానరాని పగులు.. కంప్యూటర్‌తో లెక్క

1998 జూన్ 3న జర్మనీలోని ఎషెడె వద్ద సుమారు 200 కిలోమీటర్ల వేగంతో వెళ్తున్న రైలు పట్టాలు తప్పి 101 మంది మృత్యువాత పడ్డారు. చక్రానికి తొడిగిన ఉక్కు కట్టు విరగడమే ఇందుకు మూలం. కట్టు లోపలి వైపున మొదలైన సన్నని పగులు, చక్రం తిరిగేకొద్దీ పెరుగుతూ వచ్చింది. దీనినే ఇంజినీర్లు 'ఫెటీగ్' అంటారు. ఇనుప తీగను ఒక్కసారి వంచితే తెగదు, పదేపదే అటూ ఇటూ వంచితే తెగుతుంది.

ఈ పెరుగుదలను ముందే అంచనా వేసేందుకు చక్రం, వంతెన, విమానం రెక్క వంటి వాటి నమూనాను కంప్యూటర్‌లో వేలాది చిన్న భాగాలుగా విభజిస్తారు. పగులు కొన వద్ద ఒత్తిడి తీవ్రతను లెక్కగడతారు. ఒక్కో విడత భారానికి పగులు ఎంత సాగుతుందో 1960వ దశకంలో పాల్ పారిస్ తదితరులు రూపొందించిన సూత్రం తెలుపుతుంది. తద్వారా పగులు ప్రమాదకర స్థాయికి ఎప్పుడు చేరుతుందో తేలుతుంది. తనిఖీల గడువును అంతకు చాలా ముందుగానే నిర్ణయిస్తారు.

అయితే తొలి పగులు పరిమాణం, లోహం గుణం సరిగా తెలియకుంటే లెక్క తప్పుతుంది. తనిఖీ ఎప్పుడు అవసరమో కంప్యూటర్ చెప్పగలదే తప్ప, తనిఖీకి అది ప్రత్యామ్నాయం కాదు.