వాషింగ్టన్ ఇంటి పేరు: ఇంగ్లండ్‌లో ఒక పల్లెటూరు నుంచి డెంజెల్ వాషింగ్టన్ దాకా ఎలా వచ్చింది?

ఈ ఎపిసోడ్‌లో ఒకే ఒక్క ఇంటి పేరు గురించి మాట్లాడుకుందాం. వాషింగ్టన్.

ఈ పేరు వినగానే మనలో చాలామందికి ముందు గుర్తొచ్చేది అమెరికా రాజధాని. ఐటీ వాళ్ళకైతే మైక్రోసాఫ్ట్ ఉండే రెడ్‌మండ్, సియాటిల్ ఉన్న వాషింగ్టన్ స్టేట్. సినిమాలు చూసేవాళ్ళకి డెంజెల్ వాషింగ్టన్. స్కూల్ పుస్తకంలో అయితే అమెరికా మొదటి ప్రెసిడెంట్ జార్జ్ వాషింగ్టన్.

ఇప్పుడు ఒక నంబర్ చెప్తాను. 2000 సంవత్సరంలో అమెరికా జనాభా లెక్కల్లో వాషింగ్టన్ అనే ఇంటి పేరు ఉన్నవాళ్ళు 1,63,036 మంది. వాళ్ళలో దాదాపు 90 శాతం మంది నల్లజాతి వాళ్ళు. అంటే సుమారు 1,46,000 మంది. జార్జ్ వాషింగ్టన్ ఏమో తెల్లవాడు, ఇంగ్లండ్ నుంచి వచ్చిన కుటుంబం. పైగా ఆయనకి సొంత పిల్లలే లేరు. మరి ఈ పేరు ఇంతమంది ఆఫ్రికన్ అమెరికన్లకి ఎలా వచ్చింది? ఈ ప్రశ్నకి ఆన్సర్ కావాలంటే 800 ఏళ్ళు వెనక్కి వెళ్ళాలి.

అసలు ఇంగ్లీషు వాళ్ళకి ఇంటి పేర్లు ఎప్పుడు వచ్చాయి?

1066లో నార్మన్లు ఇంగ్లండ్‌ని గెలిచే నాటికి అక్కడ మామూలు జనానికి ఇంటి పేర్లు లేవు. ఒక మనిషికి ఒకటే పేరు. ఆ తర్వాత విలియం, రాబర్ట్, జాన్ లాంటి కొన్ని పేర్లే అందరూ పెట్టుకోవడం మొదలైంది. ఒకే ఊళ్ళో పది మంది జాన్‌లు ఉంటే ఏ జాన్? అందుకే పక్కన ఒక గుర్తు తగిలించారు. కమ్మరి పని చేస్తే స్మిత్. తండ్రి పేరు జాన్ అయితే జాన్సన్. మనిషి గోధుమ రంగు జుట్టుతో ఉంటే బ్రౌన్. ఫలానా ఊరివాడు అయితే ఆ ఊరి పేరు. మొత్తం మీద ఈ నాలుగు రకాలు.

మొదట్లో ఈ గుర్తులు పర్మనెంట్ కాదు. తండ్రికి ఒకటి, కొడుక్కి ఇంకొకటి ఉండేది. భూమి తండ్రి నుంచి కొడుక్కి రావాలన్నా, పన్నుల లెక్క రాయాలన్నా పేరు మారకుండా ఉంటే సులువు. అలా మెల్లగా స్థిరపడి, 1400 ప్రాంతానికి ఇంగ్లండ్‌లో ఎక్కువ కుటుంబాలకి తరతరాలు నడిచే ఇంటి పేరు వచ్చేసింది.

ఊరి పేరే ఇంటి పేరు అవ్వడం మనకి కొత్తేం కాదు. ఘంటసాల అనేది కృష్ణా జిల్లాలో ఒక ఊరు, అదే మన గాయకుడి ఇంటి పేరు కూడా. తేడా ఒక్కటే, మనం ముందు పెట్టుకుంటాం, వాళ్ళు వెనక పెట్టుకుంటారు.

ఒక జమీందారు, రెండు ఊర్లు

ఇంగ్లండ్ ఈశాన్య మూల, ఇప్పటి సండర్లాండ్ దగ్గర వాషింగ్టన్ అనే ఊరు ఉంది. పాత ఇంగ్లీషులో ఆ పేరుని మూడు ముక్కలుగా విడగొట్టొచ్చు. ముందు ముక్క ఒక మనిషి పేరు. మధ్యలో ‘ఇంగ్’ అంటే ఆ మనిషికి చెందినవాళ్ళు. చివర ‘టన్’ అంటే వాళ్ళ పొలం, వాళ్ళ ఊరు. బోల్టన్, నార్తాంప్టన్ చివర్లో ఉండేది కూడా ఆ టన్నే. మన ఊర్ల పేర్లలో పల్లి, పాడు, పూడి ఎలాగో అలాగ.

1180ల ప్రాంతంలో విలియం అనే ఒక జమీందారు ఉండేవాడు. అతన్ని విలియం డి హార్ట్‌బర్న్ అనేవాళ్ళు, అంటే హార్ట్‌బర్న్ ఊరి విలియం. ఆయన డర్హం బిషప్‌తో భూములు మార్చుకున్నాడు. హార్ట్‌బర్న్ ఇచ్చేసి, వాషింగ్టన్ తీసుకున్నాడు. ఊరు మారగానే పేరు కూడా మారిపోయింది. ఆనాటి స్పెల్లింగ్‌లో ‘వెస్సింగ్టన్’ ఊరి విలియం అయ్యాడు. ఆయన భూమి మార్చుకోకపోయి ఉంటే ఈ రోజు అమెరికా రాజధాని పేరు హార్ట్‌బర్న్ అయ్యుండేదేమో! ఆ పదానికి ఇప్పటి ఇంగ్లీషులో గుండెల్లో మంట అని అర్థం. సరే, అది పక్కన పెట్టండి.

ఇక్కడ ఒక ఇంపార్టెంట్ పాయింట్. కమ్మరి లేని ఊరు ఉండదు కాబట్టి స్మిత్ అనే పేరు ఇంగ్లండ్ అంతా వేల చోట్ల విడివిడిగా పుట్టింది. వాషింగ్టన్ అలా కాదు. ఏదో ఒక ఊరి నుంచి వచ్చిన కొద్ది కుటుంబాలకే ఆ పేరు. అందుకే ఇంగ్లండ్‌లో అది ఎప్పుడూ పెద్ద సంఖ్యలో లేదు. ఈ పాయింట్ గుర్తుపెట్టుకోండి, చివర్లో పనికొస్తుంది.

ఉన్నితో పైకి, యుద్ధంతో కిందకి

తరాలు గడిచాక ఆ కుటుంబంలో ఒక శాఖ లాంకషైర్‌లోని వార్టన్‌కి చేరింది. అక్కడ పుట్టిన లారెన్స్ వాషింగ్టన్ దక్షిణాన నార్తాంప్టన్‌కి వెళ్ళి ఉన్ని వ్యాపారం చేశాడు, ఆ ఊరికి మేయర్ కూడా అయ్యాడు. ఆ టైమ్‌లో రాజు 8వ హెన్రీ క్రైస్తవ మఠాలను మూసేసి వాటి భూములు అమ్ముతున్నాడు. 1539లో లారెన్స్ అలా అమ్మకానికి వచ్చిన సల్‌గ్రేవ్ ఎస్టేట్ కొన్నాడు. ఆయన కట్టించిన ఇల్లు ఇప్పటికీ ఉంది. దాని ద్వారం మీద వాళ్ళ వంశ చిహ్నం చెక్కి ఉంటుంది: మూడు నక్షత్రాలు, రెండు అడ్డ పట్టీలు. వాషింగ్టన్ డీసీ నగర జెండా గూగుల్ చేసి చూడండి. తెలుపు మీద ఎర్రగా అదే డిజైన్. 1938లో దాన్ని జెండాగా తీసుకున్నారు.

సల్‌గ్రేవ్ లారెన్స్ వంశంలోనే ఇంకో లారెన్స్ ఉన్నాడు. ఎసెక్స్‌లోని పర్లీ అనే ఊళ్ళో చర్చి పాస్టర్. 1640లలో రాజుకీ పార్లమెంటుకీ సివిల్ వార్ వచ్చింది. ఈయన రాజు పక్షం. 1643లో పార్లమెంటు వైపు వాళ్ళు ఆయన్ని ఉద్యోగంలోంచి తీసేశారు. ఎప్పుడూ మద్యం దుకాణాల్లోనే ఉంటాడు అనేది పైకి చెప్పిన ఆరోపణ. కుటుంబం చితికిపోయింది. ఆయన కొడుకు జాన్‌కి ఇంగ్లండ్‌లో పెద్దగా మిగిలిందేమీ లేదు.

జాన్ పొగాకు వ్యాపారం చేసే ఒక ఓడలో పనికి చేరి వర్జీనియా వెళ్ళాడు. 1657 మొదట్లో తిరుగు ప్రయాణంలో ఆ ఓడ పోటోమాక్ నదిలో ఇసుక మేట ఎక్కి ఇరుక్కుపోయింది. దాన్ని బాగుచేసే లోపల జాన్ అక్కడే ఉండిపోవాలని డిసైడ్ అయ్యాడు. అక్కడి ఒక భూస్వామి కూతురు ఆన్ పోప్‌ని పెళ్ళి చేసుకుంటే మామగారు 700 ఎకరాలు ఇచ్చాడు. ఆ జాన్ మునిమనవడే 1732లో పుట్టిన జార్జ్ వాషింగ్టన్.

పేరు ఇక్కడి నుంచి దారి మారింది

వర్జీనియాలో పొగాకు పండించింది జాన్ లాంటి భూస్వాముల చేతులు కాదు. బానిసల చేతులు. జార్జ్‌కి 11 ఏళ్ళప్పుడు తండ్రి చనిపోతే, ఆస్తిలో భాగంగా 10 మంది మనుషులు ఆయనకి వచ్చారు. పొలం వచ్చినట్టు, పశువులు వచ్చినట్టు మనుషులు వచ్చారు. 1799లో ఆయన చనిపోయే నాటికి ఆయన ఎస్టేట్ మౌంట్ వెర్నన్‌లో 317 మంది బానిసలు ఉన్నారు. వాళ్ళలో ఆయన సొంతం 123 మంది. మిగతావాళ్ళలో ఎక్కువమంది భార్య మార్తా మొదటి భర్త ఆస్తికి చెందినవాళ్ళు. తన సొంత బానిసలను విడుదల చేయాలని జార్జ్ వీలునామాలో రాశాడు. మిగతావాళ్ళకి ఆ విడుదల దక్కలేదు.

అయితే వీలునామా దాకా ఆగని మనిషి ఒకడున్నాడు. హ్యారీ. ఆఫ్రికాలో గాంబియా ప్రాంతంలో పుట్టాడు. 1763లో జార్జ్ వాషింగ్టన్ అతన్ని కొన్నాడు. 1776లో, అంటే యజమాని స్వేచ్ఛ కోసం బ్రిటిష్ వాళ్ళ మీద యుద్ధం చేస్తుంటే, హ్యారీ తన స్వేచ్ఛ కోసం ఆ బ్రిటిష్ వాళ్ళ దగ్గరికే పారిపోయాడు. యుద్ధం అయిపోయాక 1783లో, పారిపోయిన బానిసలను తిరిగి ఇచ్చేయమని జార్జ్ వాషింగ్టన్ అడిగాడు. బ్రిటిష్ కమాండర్ కార్ల్‌టన్ ఒప్పుకోలేదు. తమతో వెళ్ళేవాళ్ళ పేర్లు ఒక రిజిస్టర్‌లో రాయించాడు. అందులో ఒక ఎంట్రీ: హ్యారీ వాషింగ్టన్, వయసు 43.

హ్యారీ ముందు కెనడాలోని నోవా స్కోషియా వెళ్ళాడు. 1792లో అక్కడి నుంచి ఆఫ్రికాలోని సియెర్రా లియోన్‌కి ఓడ ఎక్కాడు. 1800లో అక్కడి కంపెనీ పాలకులు వేసిన భూమి పన్నుకి ఎదురు తిరిగితే అతన్ని ఆ కాలనీ నుంచి వెలివేశారు. అమెరికాలో పన్నుల మీద తిరగబడ్డ ఒక వాషింగ్టన్ ప్రెసిడెంట్ అయ్యాడు. ఆఫ్రికాలో అదే పని చేసిన ఇంకో వాషింగ్టన్‌కి దక్కింది బహిష్కారం.

రెండో పేరు కావాలన్నప్పుడు

1865లో అమెరికాలో బానిసత్వం రద్దయింది. అంతకుముందు 1850, 1860 జనాభా లెక్కల్లో బానిసల పేర్లు కూడా రాయలేదు. యజమాని పేరు కింద వయసు, ఆడా మగా, రంగు, అంతే. 1870 లెక్కల్లోనే దాదాపు అందరు నల్లజాతి వాళ్ళకీ పేరు, ఇంటి పేరు రాశారు. ఈ రోజుకీ ఆఫ్రికన్ అమెరికన్లు తాతముత్తాతల్ని వెతికితే ఎక్కువమందికి 1870 దగ్గర గోడ అడ్డం వస్తుంది.

కొంతమంది బానిసలకి తమలో తాము వాడుకునే ఇంటి పేర్లు ముందే ఉండేవి. కొంతమంది పాత యజమాని పేరు తీసుకున్నారు, కొంతమంది కావాలనే అది వద్దనుకున్నారు. కొంతమందికి దేశంలో అందరికంటే ఎక్కువ వినపడే పేరు నచ్చింది.

బుకర్ టి. వాషింగ్టన్ సంగతి చూడండి. 1856లో వర్జీనియాలో బానిసగా పుట్టాడు. అందరూ బుకర్ అనేవాళ్ళు, అంతే. విడుదలయ్యాక స్కూల్లో చేరితే, టీచర్ హాజరు పిలుస్తుంటే మిగతా పిల్లలందరికీ కనీసం రెండు పేర్లు ఉన్నాయి. తన వంతు రాగానే ఆ పిల్లాడు ‘బుకర్ వాషింగ్టన్’ అని చెప్పేశాడు. 1901లో వచ్చిన ఆత్మకథలో ఆయనే రాశాడు ఇది. ఆయన సవతి తండ్రి మొదటి పేరు వాషింగ్టన్. అంటే ఇక్కడ ప్రెసిడెంట్ ఎస్టేట్‌తో సంబంధమే లేదు. తర్వాత అదే కుర్రాడు అలబామాలో టస్కీగీ విద్యాసంస్థను నిలబెట్టి దేశమంతా తెలిసిన నాయకుడయ్యాడు.

ఇప్పుడు ఇందాకటి పాయింట్‌కి వద్దాం. తెల్లవాళ్ళలో వాషింగ్టన్‌లు మొదటి నుంచీ తక్కువే, ఎందుకంటే అది ఒక ఊరి నుంచి పుట్టిన పేరు. నల్లజాతి వాళ్ళలో వేల కుటుంబాలు ఎవరికి వాళ్ళు విడివిడిగా ఆ పేరు తీసుకున్నాయి. అందుకే 90 శాతం. ఇద్దరు వాషింగ్టన్‌లు కనపడితే చుట్టాలు అనుకోవడానికి లేదు. ఆ పేరున్న ప్రతి కుటుంబమూ జార్జ్ దగ్గర బానిసలుగా ఉన్నవాళ్ళే అనుకోవడానికీ లేదు.

మన భాషలో చెప్పాలంటే ఇంటి పేరు ప్రైమరీ కీ కాదు. అది చూసి రక్తసంబంధం లెక్కగట్టలేం. ఒకరికి అది భూమితో పాటు వచ్చింది. ఒకరు దాన్ని పారిపోతూ తీసుకెళ్ళారు. ఒక పిల్లాడు హాజరు పట్టీలో తనకి తనే పెట్టుకున్నాడు. ఈ ముగ్గురిలో ఆ పేరు ఎవరిది అంటే, ముగ్గురిదీ అనే నేనంటాను.

మీ ఇంటి పేరు ఏ ఊరిదో, ఏ పనిదో మీకు తెలుసా? తెలియకపోతే ఇంట్లో పెద్దవాళ్ళు ఉండగానే అడిగి, చెప్పింది ఫోన్‌లో రికార్డ్ చేసి పెట్టుకోండి. మీకు తెలిసిన కథ ఉంటే కామెంట్‌లో రాయండి, నేను చదువుతాను. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం. బై.