తెగిన పతంగి యెవ్వరిది?

సంక్రాంతి సమీపించినదని ఓరుగల్లు పురజనులకు పంచాంగముకంటె ముందుగా ఆకాశమే చెప్పును. మట్టెవాడ మిద్దెలపైనను, హనుమకొండ డాబాలపైనను, ఖిల్లా మట్టికోట కట్టపైనను పిల్లలును పెద్దలును మెడలెత్తి నిలుచుందురు. కోస్తా మండలములవారు గాలిపటమను దానిని ఇచ్చటివారు పతంగి యందురు. సంస్కృతమున పతంగ శబ్దమునకు పక్షి యనియు, శలభమనియు, సూర్యుడనియు అర్థములు గలవు. పక్షివలె నెగురుచు, సూర్యుడు మకరరాశిని ప్రవేశించునాడు ఆకసమున వెలుగుదానికి ఇంతకంటె తగిన పేరు వెదకినను దొరకదు.

పతంగులలో జాతు లనేకము. పొడవైన తోక గలది పసిపిల్లలది. తోక దానిని నిలకడగా నుంచును గాని చురుకుదనమును హరించును. పందెపు పతంగికి తోక యుండదు. నాలుగు మూలల పలుచని కాగితము, నిలువుగా నొక వెదురుపుల్ల, అడ్డముగా విల్లువలె వంచిన మరియొక పుల్ల, ఇంతియే దాని శరీరము. దారము బిగించినచో అడ్డపుల్ల మరింత వంగి, పతంగి తన ముక్కు చూపిన దిక్కునకు దూసికొనిపోవును. వదలినచో గిరగిర తిరుగును. 'ఖీంచ్', 'ఢీల్' అను రెండు మాటలలోని రహస్య మిదియే. జపానువారి ఆరు మూలల రొక్కాకు, మలయావారి చంద్రవంక గల వావ్ బులన్, కొరియావారు నడుమ గుండ్రని రంధ్రముంచు పతంగి రూపమున వేరైనను, అన్నియు నమ్మినది ఒక్క గాలినే.

పందెమునకు ప్రాణము మాంజా. నూలుదారమునకు గాజుపొడి, జిగురు, రంగు కలిపి పూసి యెండబెట్టుదురు. రెండు దారములు పెనవేసికొనుటయే పేంచు. తెగిన పతంగిపై పూర్వపు యజమానికి హక్కు లేదు. ఎవడు పట్టిన వానిదే. కొనుటకు కాసు లేని బాలుడు ముండ్లకంప చేతబూని వీధివెంట పరుగెత్తి, దానిని పట్టి, ఆనాటికి రాజగును. ఓడినవాని సొత్తు లేనివానికి చేరుట యీ క్రీడలోని ధర్మము. దారము తెగుటయే ఆ ధర్మమునకు మూలము.

నైలాను దారము దీనిని తలక్రిందులు చేసినది. చైనా మాంజా యని పేరే గాని, మన దేశమునను తయారగుచున్నది. అది సులభముగ తెగదు, కుళ్లదు. పండుగ గడచిన నెలలకును చెట్టుకొమ్మలకు వ్రేలాడి కొంగల రెక్కలను కోయును. ద్విచక్రవాహనముపై పోవువాని కంఠమును కోయును. తెలంగాణ ప్రభుత్వము 2016 జనవరిలో దీనిని నిషేధించినది. జాతీయ హరిత ట్రిబ్యునలు 2017 జూలై 11న దేశమంతటను నిషేధము విధించినది. అయినను యేటేట పండుగనాళ్ల గాయముల వార్తలు వినబడుచునే యున్నవి.

గాజు పూసిన నూలు మాంజాయు నిర్దోషమని చెప్పరాదు. అదియును వ్రేళ్లను, రెక్కలను కోయునదే. గాజులేని నూలుదారముతోను పతంగి యంత యెత్తుననే యెగురును. కుమారుని వెనుక చరఖా పట్టి నిలుచు తండ్రి, పతంగి రంగులకంటె ముందు దారమును పరీక్షింపవలెను. పండుగ మరునాడు కొమ్మలకు చిక్కిన దారములను తీయించుటయు పండుగ పనియే.