గోధుమకి తుప్పు

ఇనుముకి తుప్పు పట్టడం తెలుసు గాని, గోధుమకి కూడా పడుతుందని నాకు దసరా సెలవుల్లో నీలగిరికి వెళ్లినప్పుడే తెలిసింది. కూనూరు దగ్గర వెల్లింగ్టన్‌లో భారత వ్యవసాయ పరిశోధన సంస్థవారి కేంద్రం ఒకటి ఉంది. అక్కడ పనిచేసే తెలుగాయన ఒకరు మమ్మల్ని గోధుమ మళ్లలోకి తీసుకువెళ్లారు. ఒక సాలు పచ్చగా కళకళలాడుతోంది. పక్క సాలు ఆకుల నిండా ఇటికపొడి చల్లినట్లుంది. మా అమ్మాయి ముట్టుకుంటే వేలికి కుంకుమలా అంటుకుంది.

“చేను పాడైపోతుంటే మందు కొట్టరేమండీ?” అంది మా ఆవిడ.

“తెగులు రావాలనే వేశామమ్మా!” అన్నారాయన నవ్వుతూ.

ఆ పొడి ఒకరకం బూజు. ఆకుల్నీ కాడల్నీ పట్టి మొక్క సారం పీల్చేస్తుంది. గింజ నొక్కులు పడి తేలికైపోతుంది. నలుపు, గోధుమరంగు, పసుపు అని మూడు తుప్పులున్నాయి. ఉత్తరాది మైదానాల ఎండలకి ఈ బూజు బతకలేదు. మరి ఏటేటా ఎక్కణ్ణించి వస్తోంది? చల్లని కొండలమీద వేసవి గడిపి, గాలివాటున కిందికి దిగుతోందని ఆగ్రాలో కె.సి. మెహతాగారు ఏళ్లతరబడి శ్రమపడి తేల్చారు. ఆ కొండల్లో నీలగిరి ఒకటి. దొంగ కాపురముండే చోటే కాపలా పెట్టారన్నమాట!

తెగులుకి లొంగని గోధుమనే పుట్టించాలని పట్టుబట్టినవారు బి.పి. పాల్‌గారు. (గులాబీలన్నా ఆయనకి ప్రాణం. వాటిలోనూ కొత్తరకాలు పుట్టించారు.) చెప్పడానికి తేలికే. గోధుమ పువ్వు తన పుప్పొడితో తానే గింజ కడుతుంది. అందుచేత ఒక వెన్నులోని పువ్వుల్ని చిన్న చిమటాతో విప్పి, పుప్పొడి రాలకముందే కేసరాలు తీసేసి, కాగితపు సంచీ తొడగాలి. తరవాత తెగులు తట్టుకునే మొక్క పుప్పొడి తెచ్చి అద్దాలి. పుట్టిన సంతతిని తరం తరవాత తరం తెగులుకి అప్పగించి, బతికి బట్టకట్టినవాటినే ఏరుకోవాలి. 1930లలో మొదలుపెడితే, మూడు తుప్పుల్నీ తట్టుకునే ఎన్.పి. 809 చేతికందేసరికి 1954 అయింది.

అంతటితో కథ కంచికి వెళ్లలేదు. బూజు కూడా మారుతుంది! 1960ల చివర పొలాలు నిండిన కల్యాణ్ సోనాకి కొద్ది ఏళ్లకే గోధుమరంగు తుప్పు పట్టింది. రై అనే ధాన్యం నుంచి గోధుమలోకి తెచ్చిన రక్షణ ఒకటి ప్రపంచంలో ఎన్నో దేశాల పంటని చాలా ఏళ్లు కాచింది. 1998లో ఉగాండాలో దాన్నీ ఛేదించుకొచ్చిన నల్లతుప్పు కనబడింది.

“మరి ఈ పచ్చసాలు ఎన్నాళ్లు నిలుస్తుందండీ?” అని అడిగాను.

ఆయన దానికి జవాబు చెప్పలేదు. “ఇక్కణ్ణించి ఎక్కడికి ప్రయాణం?” అన్నారు.

“ధార్వాడ. మా తమ్ముడు అక్కడే ఉద్యోగం.”

“అక్కడిప్పుడు గోధుమ విత్తే రోజులు. ఈ బట్టలు ఉతక్కుండా మాత్రం వెళ్లకండి.”

వానరోజులాయె. కూనూరులో ఆ బట్టలు ఆరడానికి రెండు రోజులు పట్టింది.