సిగ్గు మాటున పెరిగే వ్యాధి

మా మహల్లా మస్జిదులో మొదటి వరుసను ఏనాడూ విడువని ఒక పెద్దాయన కొంతకాలంగా చివరి వరుసలో, తలుపు పక్కన నిలబడసాగారు. కొన్నాళ్ళకు జమాఅత్‌కు రావడమే మానేశారు. అడిగితే మోకాళ్ళ నొప్పి అన్నారు. రాత్రి నాలుగైదు సార్లు మూత్రానికి లేవవలసి వస్తున్నదని, వుజూ నిలవడం లేదని ఆయన నోరు విప్పేసరికి ఏడాది గడిచింది. కన్నకొడుకులకు సైతం ఆ మాట చెప్పలేదు.

హయా విశ్వాసంలో భాగమే. కాని వైద్యుని ముందు వ్యాధిని దాచడం హయా కాదు. ధర్మం తెలుసుకోవడానికి సిగ్గును అడ్డు రానివ్వని అన్సారీ స్త్రీలను హజ్రత్ ఆయిషా (రజి) మెచ్చుకున్నారు. మరి మన పురుషులకు ఆరోగ్యం విషయంలో ఈ సంకోచం ఎందుకు? చికిత్సకు అవసరమైనంత మేరకు శరీరాన్ని వైద్యునికి చూపడానికి షరీఅత్ అనుమతించింది.

ప్రోస్టేట్ గ్రంథి మూత్రాశయం కింద, మూత్రనాళాన్ని ఉంగరంలా చుట్టుకొని ఉంటుంది. యౌవనంలో సుమారు 20 గ్రాములుండే ఈ గ్రంథి 50 ఏళ్ళు దాటిన వారిలో తరచుగా పెరుగుతుంది. నాళం ఇరుకై, ధార సన్నబడి, ఆగి ఆగి వస్తుంది. ఈ పెరుగుదల క్యాన్సర్ కాదు. అయితే క్యాన్సర్‌లోనూ ఇవే లక్షణాలు కనిపించవచ్చు గనుక పరీక్ష అవసరం.

సాధారణంగా మొదట చేసే స్కానింగు అల్ట్రాసౌండ్. నొప్పి ఉండదు, ఎక్స్‌రే కిరణాలూ ఉండవు. నీళ్ళు త్రాగి మూత్రాశయం నిండాక ఒకసారి, విసర్జన చేసి వచ్చాక మరొకసారి చూస్తారు. గ్రంథి పరిమాణం, లోపల మిగిలిన మూత్రం, మూత్రపిండాల వాపు, రాళ్ళు దీనితో తెలుస్తాయి. రక్తంలో పి.ఎస్.ఎ. ఎక్కువగా ఉన్నంత మాత్రాన క్యాన్సర్ అని భయపడరాదు. గ్రంథి పెరిగినా, ఇన్ఫెక్షన్ ఉన్నా అది పెరుగుతుంది. ఫినాస్టరైడ్ మాత్ర కొన్ని నెలలు వాడినవారిలో ఆ అంకె దాదాపు సగానికి తగ్గుతుంది గనుక వాడే మందులన్నీ చెప్పాలి. సందేహం ఉంటే ఎం.ఆర్.ఐ. తీసి, అనుమానపు తీవ్రతకు 1 నుండి 5 వరకు అంకె ఇస్తారు. 4 లేదా 5 వస్తే సాధారణంగా బయాప్సీ సూచిస్తారు. వ్యాధిని నిర్ధారించేది ఆ బయాప్సీయే. పేస్‌మేకర్ ఉన్నవారు ఎం.ఆర్.ఐ.కి ముందే ఆ సంగతి తెలపాలి.

మూత్రంలో రక్తం కనిపించినా, మూత్రం పూర్తిగా ఆగిపోయినా, చలిజ్వరంతో మంట ఉన్నా ఒక్కరోజు కూడా ఆలస్యం చేయరాదు.

ఇక వుజూ విషయం. ఒక నమాజు వేళ మొత్తంలో వుజూ చేసి ఫర్జ్ నెరవేర్చేంత వ్యవధి కూడా చిక్కనివాడు హనఫీ ఫిఖ్‌హ్‌లో మాజూర్. అతడు ప్రతి నమాజు వేళకు కొత్తగా వుజూ చేసుకుంటే చాలు. మూత్రం చుక్కలు పడుతున్నా ఆ వేళ ముగిసేదాకా అది చెల్లుతుంది. కనుక వ్యాధి కారణంగా నమాజును విడువనక్కరలేదు.

ఆ పెద్దాయనకు స్కానింగు చేస్తే రెండు మూత్రపిండాలూ వాచి ఉన్నాయి. ముందే వచ్చి ఉంటే మాత్రలతో సరిపోయేదేమోనని వైద్యుడు అన్నారట. చివరకు శస్త్రచికిత్స చేయవలసి వచ్చింది. అల్లాహ్ దయతో ఆయన ఇప్పుడు మళ్ళీ మొదటి వరుసలో ఉన్నారు. మీ ఇంట్లో రాత్రివేళ పదే పదే లేచే పెద్దలుంటే, వారు చెప్పేదాకా ఎదురుచూడకండి. మీరే అడగండి.